100 టన్నుల ప్రెస్ ఉంది, అయినా 18 గేజి రేకు అడుగు ఊడిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి

కణితిరోడ్_షెడ్డు:

అందరికీ నమస్కారం. మాది విశాఖ గాజువాక ఆటోనగర్‌లో చిన్న షెడ్డు, నాన్నగారు గ్రిల్సూ గేట్లూ షట్టర్లూ చేసేవారు, నాలుగేళ్ళ నుంచి నేను చూసుకుంటున్నా. మన ఊళ్ళో మోటార్ రివైండింగ్ షాపుల వాళ్ళు ఎప్పట్నుంచో ఒకటే అడుగుతున్నారు, మోటార్ వెనకాల ఫ్యాన్ మీద టోపీలాగ ఉండే రేకు కవర్ చేసిపెట్టమని. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీల మోటార్లు, బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ల పంపు మోటార్లు, వీటికి వైండింగ్ బాగానే ఉంటుంది, బాడీ బాగానే ఉంటుంది, ఈ కవర్ మాత్రం ఉప్పుగాలికి అప్పడంలా అయిపోయి చేత్తో నొక్కితే రాలిపోతుంది. ఇద్దరు షాపులవాళ్ళు కలిసి మొదటి విడత 150 కావాలన్నారు, బాగుంటే నెలనెలా తీసుకుంటామన్నారు. ఆ ధైర్యంతో సెకండ్ హ్యాండ్ హైడ్రాలిక్ ప్రెస్ కొన్నాను, ప్లేటు మీద 100 టన్నులు అని రాసుంది, ర్యామ్ (కిందకి దిగి నొక్కేది) సిలిండర్ బోర్, అంటే లోపలి వెడల్పు, 200 ఎంఎం.

కవర్ కొలతలు: 200 ఎంఎం వెడల్పు, 80 లోతు, 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు అంటే 1.2 ఎంఎం మందం. డై (కింద అచ్చు), పంచ్ (పైనుంచి దిగే దిమ్మ) రెండూ తెలిసిన టర్నర్‌తో ఎమ్ఎస్ (మామూలు ఇనుము) లోనే చేయించా. పంచ్ 200, డై రింగు లోపల 202.4, అంటే పక్కకి సరిగ్గా రేకు మందం 1.2 వదిలాం. డై మూతి అంచు 2 ఎంఎం రేడియస్‌తో గుండ్రంగా కొట్టించా. రేకు 340 బై 340 చదరం ముక్క కట్ చేసి పెట్టి, పైన ఒక రింగు వేసి ఆరు బోల్టులతో గట్టిగా బిగించి పంచ్ దింపుతున్నాం.

మొదటిది 30 ఎంఎం దిగేసరికి టప్‌మని పగిలింది. టన్నేజి చాలట్లేదేమో అని రిలీఫ్ వాల్వ్ (నూనె ప్రెషర్ ఎంత దాటకూడదో పెట్టేది) 150 నుంచి 210కి, అంటే చదరపు సెంటీమీటరుకి 210 కేజీలకి పెంచా, అయినా అంతే, పగిలేటప్పుడు ప్రెషర్ గేజి 90 దగ్గరుంటుంది, అంతకన్నా పైకి వెళ్ళనే వెళ్ళదు. బోల్టులు లూజు చేస్తే పగలదు గానీ చుట్టూ లంగా కుచ్చిళ్ళలాగ ముడతలొచ్చి డైలో ఇరుక్కుపోయి పంచ్ కూడా పట్టేసింది, గునపం పెట్టి తీయాల్సొచ్చింది. ఇప్పటికి 14 ముక్కలు పాడయ్యాయి. ప్రెస్ అమ్మినాయన ప్రెషర్ ఇంకా పెంచమంటున్నాడు, 300 దాకా వెళ్ళొచ్చంటున్నాడు. పెంచమంటారా? ప్రెస్‌లోనే ఏదైనా లోపముందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఆర్డర్ వదులుకోవాలని లేదు.

మర్రిపాలెం_టర్నర్:

అన్నా ముందు ఒక్కటి చెప్పు, ఎక్కడ పగులుతోంది? అడుగున పంచ్ మూల తిరిగిన చోట గుండ్రంగా బిళ్ళ ఊడిపోయినట్టు పగులుతోందా, గోడ మధ్యలో నిలువుగా చీలుతోందా, పైన అంచు దగ్గరా? మూడింటికీ మూడు కారణాలు. పగిలిన ముక్కలు పారేయకు, వరసగా పెట్టి ఫోటో తీసి పెట్టు. ఇంకోటి, 300కి మాత్రం పెంచకు, గేర్ పంపులు మామూలుగా 210, 250 వరకే రేటింగ్ ఉంటాయి, పంపు మీద, హోస్ మీద ఏం రాసుందో చూడకుండా స్క్రూ తిప్పడం ప్రమాదం.

కణితిరోడ్_షెడ్డు:

ఫోటోలు పెట్టాను అన్నా. అన్నీ ఒకేలాగ, అడుగు బిళ్ళ గుండ్రంగా ఊడి వచ్చేస్తోంది, గోడ కొంచెం దిగి ఆగిపోయింది. చదరం మూలలు మాత్రం కదల్లేదు, రింగు కింద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

టూల్‌రూమ్_పెద్దాయన:

బాబూ, నేను రిటైరయ్యి తొమ్మిదేళ్ళయింది, పని చేసినంత కాలం టూల్ రూములోనే, ఎక్కువగా డ్రా డైలే, అంటే రేకుని కప్పులా దింపేవే చూశాను. నువ్వు రాసినదాంట్లోనే జవాబుంది. గేజి 90 దాటట్లేదు అన్నావు చూడు, అదే.

లెక్క చూడు. పంచ్ చుట్టుకొలత 3.14 ఇంటూ 200, అంటే 628 ఎంఎం. మందం 1.2 పెట్టి గుణిస్తే గోడ అడ్డకోత 754 చదరపు ఎంఎం. మామూలు సీఆర్ రేకు చదరపు ఎంఎంకి 38 కేజీల దగ్గర తెగిపోతుంది అనుకో, 754 ఇంటూ 38, దగ్గరదగ్గర 28 టన్నుల చిల్లర. అంటే పంచ్ అడుగుని నెడుతుంటే ఆ బలమంతా మోసేది గోడే కదా, ఆ గోడ మోయగలిగిందే 28 టన్నులు. ఇప్పుడు నీ ప్రెస్ చూడు, 200 బోర్ అంటే ర్యామ్ వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు, 28 టన్నుల చిల్లరని దాంతో భాగిస్తే 91. నీ గేజి ఎక్కడ ఆగింది? 90 దగ్గర. రేకు తెగిపోయే చోటే గేజి ఆగింది. నువ్వు 210 పెట్టు, 300 పెట్టు, వెయ్యి టన్నుల ప్రెస్ తెచ్చుకో, గోడ మోసేది 28 టన్నులే, అది దాటేలోగా తెగుతుంది. నీ ప్రెస్‌లో ఏ లోపమూ లేదు.

అంటే ప్రశ్న బలం గురించి కాదు బాబూ, రేకు డైలోకి జారడానికి 28 టన్నుల కన్నా ఎందుకు ఎక్కువ అడుగుతోంది అని. డ్రా అంటే రేకుని సాగదీయడం అని చాలామంది అనుకుంటారు, అదే పొరపాటు. సాగదీస్తే పల్చబడుతుంది, పల్చబడితే చిరుగుతుంది. డ్రా అంటే చుట్టూ ఉన్న రేకుని లోపలికి నడిపించుకురావడం. 320 వెడల్పు ఉన్న అంచు 200 వెడల్పులోకి రావాలంటే చుట్టుకొలత తగ్గాలి, రేకు తనలో తాను ఒత్తుకోవాలి. ఆ ఒత్తుకునేటప్పుడు పైన పట్టు లేకపోతే ముడత, పట్టు ఎక్కువైతే అడుగు తెగడం. నీకు రెండూ వచ్చాయి కాబట్టి ఈ రెండింటి మధ్య దారి నువ్వే మూసేసుకున్నావు, అదెలాగో చెప్తాను.

మొదటిది ఆ చదరం ముక్క. 200 వెడల్పు 80 లోతు కప్పుకి బ్లాంక్ (డ్రాకి ముందు కోసే చదును ముక్క) లెక్క ఏటంటే, వెడల్పు వర్గానికి నాలుగింతలు వెడల్పు ఇంటూ లోతు కలిపి వర్గమూలం తియ్యాలి. 40,000 కి 64,000 కలిపితే 1,04,000, దాని వర్గమూలం 322. అంచు కోసుకోడానికి కొంచెం వదిలి 332 గుండ్రం చాలు. 332ని 200తో భాగిస్తే 1.66. మంచి డ్రాయింగ్ రేకు ఒకే దెబ్బలో 2 దగ్గర వరకూ ఓర్చుకుంటుంది, అంటే నీ కవర్ సుఖంగా ఒకే డ్రాలో రావాలి. కానీ నువ్వు పెట్టిన 340 చదరం, అంతే వైశాల్యమున్న గుండ్రంగా లెక్కేస్తే 384 అవుతుంది, రేషియో 1.9 దాటిపోయింది. పైగా నాలుగు మూలలు మేకులు కొట్టినట్టు రేకుని పట్టుకున్నాయి, ఫోటోలో మూలలు కదల్లేదని నువ్వే అన్నావు. రెండు నిమిషాల కటింగ్ మిగిలిందనుకున్నావు గానీ ఆ చదరమే సగం నష్టం చేసింది.

రెండోది డై మూతి. 2 ఎంఎం రేడియస్ అంటే 1.2 రేకుకి కత్తి అంచు లాంటిది. రేకు అక్కడ వంగి మళ్ళీ నిటారు అవ్వాలి, ఆ వంపు ఎంత ఇరుకైతే అంత బలం తింటుంది. మందానికి ఆరేడింతలు ఉండాలి, నీకు 8 ఎంఎం పెట్టు. మరీ 15, 20 పెట్టేశావంటే రేకు రింగు కింద నుంచి తొందరగా బయటికొచ్చి పట్టు లేని చోట ముడత పడుతుంది, కాబట్టి 8 తో మొదలెట్టు. పంచ్ మూల రేడియస్ నువ్వు రాయలేదు, అది కూడా 8 కి తగ్గకూడదు, 10, 12 ఉన్నా ఫ్యాన్ కవర్‌కి అందంగానే ఉంటుంది.

మూడోది సందు. పక్కకి సరిగ్గా 1.2 వదిలాను అన్నావు, కానీ అంచు ఒత్తుకుని వచ్చేసరికి మందం పెరుగుతుంది, 1.2 రేకు పై అంచు దగ్గర 1.35, 1.4 అయిపోతుంది. అది 1.2 సందులో ఎలా పడుతుంది? మందం మీద 10 నుంచి 20 శాతం ఎక్కువ వదలాలి. డై అలాగే ఉంచి పంచ్ 199.6 కి తగ్గించు, పక్కకి 1.4 వస్తుంది. లోపలి కొలత 0.4 తగ్గినా మోటార్ మీద కూర్చుంటుందా లేదా చూసుకో, లేకపోతే డై పెంచు.

ఇక బోల్టులు. గట్టిగా బిగించడం, లూజు చెయ్యడం అని చేతి అంచనా మీద చెయ్యకు. రెండు రింగుల మధ్య బ్లాంక్ బయట చుట్టూ ఆరు చోట్ల 1.35 ఎంఎం ప్యాకింగ్ ముక్కలు పెట్టి బోల్టులు వాటి మీదకి పూర్తిగా బిగించెయ్. అప్పుడు రేకుకి పైకి లేవడానికి చోటుండదు, జారడానికి చోటుంటుంది. కుషన్ సిలిండర్ (రింగుని నూనె బలంతో పట్టి ఉంచేది) లేని ప్రెస్ మీద మేం ఇలాగే చేసేవాళ్ళం. ఇంకా సన్న ముడతలొస్తే 1.3 కి దించు, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులు) చుట్టూ చూసుకో, ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువ ఉంటే కప్పు ఒక పక్కకి లాగేస్తుంది.

రిలీఫ్ వాల్వ్ 100 దగ్గర పెట్టు. పని సవ్యంగా ఉంటే గేజి 85 లోపే తిరగాలి. రేకు తెగకుండా గేజి 100 కొడితే ఏదో పట్టేసిందని అర్థం, ఆపి చూడు. ఇకనుంచి ఆ గేజి నీకు డాక్టర్ చేతిలో స్టెతస్కోప్ లాంటిది.

స్పిన్నింగ్_మేస్త్రి:

పెద్దాయన చెప్పినదానికి అడ్డు కాదు గానీ 150 ముక్కలకి డై ఎందుకండీ? చెక్క ఫార్మా (అచ్చు) ఒకటి తిప్పించుకుని లేత్ మీద స్పిన్నింగ్ చేస్తే, అంటే తిరిగే రేకుని కర్రతో ఫార్మా మీదకి నొక్కితే, రేడియస్, సందు, బోల్టులు ఈ గొడవే ఉండదు. మా దగ్గర ల్యాంప్ షేడ్లూ గిన్నెలూ అన్నీ అలాగే చేస్తాం, సైజు మారితే ఫార్మా ఒకటి మారిస్తే చాలు. రేపు ఆ షాపులవాళ్ళు 160 సైజు, 250 సైజు అడుగుతారు, ప్రతి సైజుకీ డై కొట్టిస్తారా?

మర్రిపాలెం_టర్నర్:

మేస్త్రి గారూ మీరు చేసేది ఎక్కువ అల్యూమినియం, ఇత్తడి కదా. 1.2 సీఆర్ ఇనుప రేకుని చేత్తో కర్ర పెట్టి తొయ్యడం రోజుకి ఎన్ని చెయ్యగలరు? మా పక్క షాపాయన చేసేవాడు, సాయంత్రానికి భుజం పట్టేసేది. పైగా గోడ ఒకచోట పల్చగా ఒకచోట మందంగా వస్తుంది. సైజుల గురించి మీరన్నది మాత్రం నిజం. తక్కువ అడిగే సైజులకి స్పిన్నింగ్, ఎక్కువ పోయే రెండు సైజులకి డై, అలా పెట్టుకుంటే బాగుంటుంది అన్నా.

స్పిన్నింగ్_మేస్త్రి:

ఇనుము కష్టమే, ఒప్పుకుంటా. పల్చటి రేకు 20 గేజి వరకూ చేస్తాను, 18 ఇంకా మందం కాబట్టి మధ్యలో ఒకసారి కాల్చి మెత్తబరచుకోవాలి. సరే 200 సైజుకి డైతోనే వెళ్ళండి.

ల్యాబ్_అక్క:

తమ్ముడూ నేను మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తాను. రేకు ఏ గ్రేడ్ అని నువ్వు ఎక్కడా రాయలేదు, ఎవరూ అడగలేదు, సగం కథ అక్కడే ఉంది. షాపులో సీఆర్ షీట్ అని అడిగితే ఇచ్చేది మామూలు గ్రేడ్, పెట్టెలూ బీరువా పలకలూ వంచుకోడానికి పనికొచ్చేది. లోతుగా డ్రా చెయ్యాలంటే డీడీ (డీప్ డ్రాయింగ్) గానీ ఈడీడీ (ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్) గానీ అడగాలి, ఐఎస్ 513 అనే భారత ప్రమాణంలో ఉన్న గ్రేడ్లే ఇవి, కొత్త పేర్లలో సీఆర్3, సీఆర్4 అని కూడా ఉంటాయి. పెద్దాయన 38 కేజీలు అన్నారు కదా మామూలు రేకుకి, ఈడీడీ అయితే 28 నుంచి 35 మధ్యలో ఉంటుంది. తక్కువ బలం ఉన్న రేకు ఎందుకు మంచిది అంటావేమో, తెగే బలం తగ్గినా అది లొంగడం ఇంకా తొందరగా మొదలెడుతుంది, సాగడం ఎక్కువ, మందం తగ్గకుండా వెడల్పులో సర్దుకునే గుణం ఎక్కువ. కాయిల్ తాలూకు టెస్ట్ సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకో, ఇవ్వనంటే వేరే డీలర్ దగ్గరికి వెళ్ళు.

స్టీల్ ప్లాంట్ మన కూర్మన్నపాలెం పక్కనే ఉంది కదా రేకు అక్కణ్ణుంచే రాదా అని నన్ను చాలామంది అడుగుతారు. మన ప్లాంట్‌లో తయారయ్యేది ఊచలూ వైర్ రాడ్లూ స్ట్రక్చరల్సూ, పలకగా చుట్టే కాయిల్ అక్కడ లేదు. కోల్డ్ రోల్డ్ కాయిల్ ఎప్పుడూ బయట ప్లాంట్ల నుంచే వస్తుంది, అందుకే డీలర్ మాట మీద కాకుండా కాగితం మీద నమ్మకం పెట్టుకోమంటున్నా.

షెడ్డులో చేసుకునే పరీక్ష ఒకటుంది. రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు రెండు కత్తిరించు, ఒకటి రేకు రోల్ అయిన దిశలో, ఇంకోటి దానికి అడ్డంగా. రెండింటినీ మడిచి సుత్తితో కొట్టి పూర్తిగా అంటుకునేలా చెయ్యి. మడత బయటి వైపు వేలు పెట్టి చూడు, ఎక్కడైనా గరుకుగా పగుళ్ళు కనిపిస్తే ఆ రేకు డ్రాకి పెట్టొద్దు. ల్యాబ్‌లో అయితే ఎరిక్సెన్ టెస్ట్ చేస్తాం, చిన్న గుండుని రేకులోకి నెట్టి ఎంత లోతులో పగులుతుందో చూస్తాం, మడత పరీక్ష దానికి సమానం కాదు గానీ చెత్త రేకుని మాత్రం పట్టిస్తుంది.

తుప్పు సంగతి ఒకటి. మన ఊళ్ళో రేకు తెచ్చి పక్కన పెడితే వారం తిరక్కుండా పైన ఎర్ర పొడి పడుతుంది, ఆగస్టు సెప్టెంబరులో అయితే మూడు రోజులే. ఆ పొడి డై మీద ఎమ్రీ పేపర్‌లా పని చేస్తుంది. వచ్చిన రోజే నూనె పూసి పాలిథిన్ చుట్టి నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టు.

కణితిరోడ్_షెడ్డు:

పెద్దాయన గారూ, అక్కా, ఏం చెప్పాలో తెలియట్లేదు, ఇంత వివరంగా నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అక్కా మీరన్న మడత పరీక్ష ఇప్పుడే చేశాను, అడ్డంగా కత్తిరించిన ముక్క మడత మీద సన్నగా విచ్చుకుంది. రేకు ఏ గ్రేడో డీలర్‌ని అడిగితే సీఆర్ అంటే సీఆరే కదా అన్నాడు. రేపు వేరే చోట ఈడీడీ అడుగుతా. డై కూడా టర్నర్‌కి ఇచ్చేశా 8 రేడియస్‌కి. గ్రీజు రాయాలా, ఏం రాయాలి? ఇప్పటివరకూ ఏమీ రాయలేదు.

టూల్‌రూమ్_పెద్దాయన:

ఏమీ రాయకుండా డ్రా చేశావా బాబూ! మరింకేం, అది కూడా కలుపుకో కారణాల్లో.

ఇనుప రేకుకి ఖరీదైనవేమీ అక్కర్లేదు. బట్టల సబ్బు తురిమి వేడినీళ్ళలో కరిగించి చిక్కగా చేసి బ్రష్‌తో పూసి ఆరనివ్వు, ఆరిన సబ్బు పొర చాలా బాగా జారుతుంది, తర్వాత వేడినీళ్ళతో కడిగితే పోతుంది. మా రోజుల్లో ఆముదం కూడా వాడేవాళ్ళం. పల్చటి పాలిథిన్ షీటు డైకీ రేకుకీ మధ్యన వేసినా పనిచేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలు రేకుకైతే నేను అదే చెప్తాను. కానీ ముఖ్యమైనది ఎక్కడ రాయాలి అన్నది. డై వైపు, రింగు వైపు రాయి. మధ్యలో పంచ్ తగిలే చోట పొడిగా ఉంచు. పంచ్ మూల దగ్గర రేకు జారకుండా పంచ్‌ని పట్టుకుని ఉంటేనే అక్కడ పల్చబడదు. మొత్తం ముక్కకి జిడ్డుగా రాసేసి అడుగు తెగిపోతోందని వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

డై మూతి పాలిష్ సంగతి టర్నర్‌కి చెప్పు. లేత్ మీద తిప్పుతూ ఎమ్రీ పెడితే గీతలు గుండ్రంగా పడతాయి, రేకు జారేది వాటికి అడ్డంగా. ఆఖరి పాలిష్ చేత్తో పట్టాలి, పైనుంచి లోపలికి, రేకు నడిచే దిశలో. ఎమ్ఎస్ డైతో 150 ముక్కలు తీయొచ్చు, ప్రతి పది పదిహేనుకీ మూతి వేలితో తడిమి చూడు, ఇనుము అంటుకుని గరుకు తగిలితే అక్కడ తీసెయ్. నెలనెలా ఆర్డర్ వస్తే డీ2 టూల్ స్టీలులో రింగు కొట్టించి 58 నుంచి 60 హెచ్ఆర్‌సీ (గట్టిదనం కొలత) హార్డెనింగ్ చేయించుకో, ఎమ్ఎస్ హోల్డర్‌లో రింగు ఒక్కటి దించితే చాలు, డై మొత్తం ఖరీదైన స్టీలు అక్కర్లేదు.

కప్పు పంచ్‌కి పట్టేస్తోంది అన్నావు. పంచ్ మధ్యలో 6 ఎంఎం బెజ్జం కొట్టించి పక్కకి బయటికి తీయించు, గాలి ఆడక కప్పు అలా అంటుకుంటుంది. డై రింగు కింద అంచు మాత్రం రేడియస్ ఇవ్వకు, పదునుగా ఉంచు. కప్పు పూర్తిగా కిందకి దాటాక పై అంచు ఒక్క వెంట్రుకంత విచ్చుకుంటుంది, పంచ్ పైకి లేచేటప్పుడు ఆ అంచు పదును కింద ఆగి కప్పు దానంతటదే ఊడి పడుతుంది. గునపం అక్కర్లేదు.

మర్రిపాలెం_టర్నర్:

పెద్దాయన పని చెప్పారు, నేను చెయ్యి సంగతి చెప్తా. గునపం పెట్టి తీశానన్నావు, అప్పుడు ర్యామ్ పైన ఉందా? కింద దిమ్మ పెట్టావా? హైడ్రాలిక్ ర్యామ్ పైన ఆగి ఉందంటే లోపల నూనె పట్టి ఉంచిందంతే, సీల్ లీకైనా వాల్వ్ జారినా మెల్లగా దిగుతుంది, సెకండ్ హ్యాండ్ ప్రెస్‌లో అయితే మరీను. డైలో చెయ్యి పెట్టే ముందు మోటార్ ఆపి ర్యామ్‌కీ బెడ్‌కీ మధ్యన గట్టి ఇనుప దిమ్మ నిలబెట్టు, ప్రతిసారీ.

ఇంకోటి నా కళ్ళారా చూసింది. నేను ముందు పనిచేసిన షాపులో హోస్ పైపు దగ్గర సన్నగా తుంపర వస్తోందని ఒకతను ఎక్కణ్ణుంచా అని వేలు పెట్టి తడిమాడు. సూది గుచ్చినట్టు చిన్న చుక్క, రక్తం కూడా రాలేదు, పని చేసుకుంటూనే ఉన్నాడు. సాయంత్రానికి చెయ్యంతా వాచిపోయింది, నూనె చర్మం లోపలికి వెళ్ళిపోయింది, రాత్రి ఆపరేషన్ చేసి చెయ్యి తెరిచి కడగాల్సొచ్చింది, అయినా ఒక వేలు దక్కలేదు. లీకు వెతకాలంటే అట్టముక్క పెట్టి చూడు. ఎప్పుడైనా అలా గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళి హైడ్రాలిక్ నూనె లోపలికి వెళ్ళింది అని ఆ మాటే చెప్పాలి. పాత ప్రెస్ కదా, హోస్‌లు ముందు కొత్తవి వేయించు అన్నా, నా మాట విను.

కణితిరోడ్_షెడ్డు:

దిమ్మ పెట్టలేదు అన్నా. చదివాక ఒళ్ళు జలదరించింది, నేనూ మా కుర్రాడూ ఇద్దరం చేతులు పెట్టేశాం ఆ రోజు. దిమ్మ ఈరోజే కోసి ప్రెస్‌కి గొలుసుతో కట్టేశా. హోస్‌లు రెండూ మార్చడానికి ఇచ్చా.

పాలిటెక్నిక్_మాస్టారు:

కంచరపాలెంలో చదువుకుని అదే సబ్జెక్టు పిల్లలకి చెప్తున్నవాణ్ణి, ఈ థ్రెడ్ మా క్లాసులో చూపిస్తాను. ప్రెస్ ప్లేటు మీద 100 టన్నులు అన్నదాని గురించి ఒక మాట. 1795లో బ్రామా పేటెంట్ తీసుకున్న దగ్గర్నుంచి హైడ్రాలిక్ ప్రెస్ లెక్క ఒకటే, ప్రెషర్ ఇంటూ వైశాల్యం. మీ 314 చదరపు సెంటీమీటర్ల మీద 210 కేజీలు అంటే 66 టన్నులు. 100 రావాలంటే 318 కావాలి. ప్లేటు మీద ఏం రాసినా మీ ప్రెస్ ఇప్పుడున్న పంపుతో 66 టన్నులదే, ఫ్రేము 100కి కట్టారో 60కి కట్టారో తెలియకుండా 300 పెట్టడం మహా తప్పు. డ్రాకి హైడ్రాలిక్ మంచిదెందుకంటే స్ట్రోక్ పొడవునా అదే బలం ఉంటుంది, వేగం మన చేతిలో ఉంటుంది. మెకానికల్ ప్రెస్‌కి పూర్తి బలం కింద చివర్లో మాత్రమే.

కణితిరోడ్_షెడ్డు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా, క్షమించాలి, టర్నర్ దగ్గర ఆలస్యమైంది.

ఈడీడీ రేకు దొరికింది, సర్టిఫికెట్ కాపీతో సహా. 332 గుండ్రం కోశా. డై మూతి 8, పంచ్ 199.6, పంచ్ మూల 10, ప్యాకింగ్ 1.35, సబ్బు పూసి ఆరబెట్టి, మధ్యలో పొడిగా. వాల్వ్ 100. నిన్న పొద్దున నాన్నగారిని కూడా పిలిచి కూర్చోబెట్టి మొదటి ముక్క పెట్టా. గేజి మెల్లగా 40, 60 ఎక్కింది, 76 దగ్గర కాసేపు ఉంది, తర్వాత తగ్గడం మొదలెట్టింది, పగిలిపోయిందేమో అనుకుని నా గుండె ఆగినంత పనైంది. చివర్లో కింద ఖణేల్‌మని చప్పుడు, వంగి చూస్తే కప్పు ఊడి పడుంది. ఎక్కడా పగలకుండా, గోడ నున్నగా. నాన్నగారు దాన్ని చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు ఏం మాట్లాడలేదు, ముప్పై ఏళ్ళు రేకుని సుత్తితోనే వంచిన మనిషి.

నిన్న ఈరోజు కలిపి 31 తీశాం, రెండు పోయాయి, ఆ రెండూ ప్యాకింగ్ ముక్క ఒకటి జరిగిపోయినప్పుడు. బోల్టులు విప్పి బిగించడానికే ఎక్కువ టైము పోతోంది, ముక్కకి నాలుగు నిమిషాలు. రెండు సందేహాలు. ఒకటి, పై అంచు సమంగా లేదు, నాలుగు చోట్ల చెవుల్లాగ మూడు నాలుగు ఎంఎం పైకి లేస్తోంది. రెండు, గాలి వెళ్ళడానికి అడుగున 24 గాళ్ళు (పొడవాటి బెజ్జాలు) కొట్టాలి, ఒక్కోటి 40 పొడవు 6 వెడల్పు, ముందే చదును రేకు మీద కొట్టేసి డ్రా చెయ్యొచ్చా?

ల్యాబ్_అక్క:

చాలా సంతోషం తమ్ముడూ. చెవులు నీ తప్పు కాదు, రేకు రోల్ అయిన దిశలో ఒకలా అడ్డంగా ఒకలా సాగుతుంది, అందుకే నాలుగు చోట్లా సమదూరంలో లేస్తాయి. కోసుకోవడమే. వేరే కాయిల్ వచ్చినప్పుడు చెవులు పెద్దవైతే బ్లాంక్ ఒక 4 ఎంఎం పెంచు. సబ్బు మాత్రం పూర్తిగా కడిగాకే ప్రైమర్ వెయ్యి, లేకపోతే మన గాలికి రంగు పెచ్చులుగా లేచిపోతుంది, మళ్ళీ అదే తుప్పు కవర్ అవుతుంది.

టూల్‌రూమ్_పెద్దాయన:

గేజి 76 ఎక్కి తగ్గింది అన్నావు చూడు, ఆ మాట చదివి నాకు కడుపు నిండింది బాబూ. అంచు లోపలికి వచ్చేకొద్దీ ఒత్తుకోవాల్సిన రేకు తగ్గిపోతుంది కాబట్టి బలం తగ్గుతుంది, అది సరైన డ్రా లక్షణం. బోల్టుల బదులు కింద నుంచి తోసే చిన్న సిలిండర్లు మూడు కలిపి ఒక కుషన్ చేయించుకోవచ్చు, 8 నుంచి 10 టన్నుల పట్టు చాలు, ఆర్డర్ నిలబడ్డాక ఆలోచించు. స్ప్రింగులు ఎవరైనా చెప్తే వద్దు, దిగేకొద్దీ వాటి పట్టు పెరుగుతుంది, నీకు కావల్సింది దానికి వ్యతిరేకం.

గాళ్ళు ముందు కొట్టకు. అడుగు పెద్దగా సాగదు నిజమే, కానీ గోడని లాగే బలం అడుగు మీదుగానే వస్తుంది, గాడి చివర నుంచి చీలిక మొదలవుతుంది, ఆకారం కూడా వంకర పోతుంది. డ్రా అయ్యాకే కొట్టాలి. కానీ ఇక్కడ టన్నేజి చూసుకో. ఒక గాడి చుట్టుకొలత 87 ఎంఎం, 24 గాళ్ళకి 2,084, మందం 1.2, కోతకి చదరపు ఎంఎంకి 30 కేజీలు. గుణిస్తే 75 టన్నులు. కప్పు లాగడానికి 24 టన్నులు సరిపోయిన ప్రెస్సే బెజ్జాలకి చాలదు, నీది 66 కదా. కాబట్టి 12 పంచ్‌లు పొడవుగా, 12 పంచ్‌లు ఒకటిన్నర ఎంఎం పొట్టిగా చేయించు, ఎదురెదురుగా వచ్చేలా పెట్టు. మొదటి పన్నెండు కోసి బయటపడ్డాకే రెండో పన్నెండు తగులుతాయి, ఒక్కోసారీ 38 టన్నులతో అయిపోతుంది. కోత తెగిన క్షణంలో ప్రెస్ ఒక్కసారి ఎగిరినట్టు దడదడలాడుతుంది, ఆ దెబ్బ కూడా సగమవుతుంది. వాల్వ్ ఆ పనికి 140 పెట్టుకో, మళ్ళీ డ్రాకి వచ్చేటప్పుడు 100కి దించడం మర్చిపోకు, ప్రెస్ మీద చాక్‌పీస్‌తో పెద్దగా రాసి పెట్టు.

మర్రిపాలెం_టర్నర్:

గాళ్ళ పంచ్‌లు హార్డెనింగ్ లేకుండా చెయ్యొద్దు అన్నా, ఎమ్ఎస్ అయితే ఇరవై కవర్లకే మొద్దుబారిపోతాయి. ఓహెచ్ఎన్ఎస్ టూల్ స్టీలులో చేద్దాం, డైకీ పంచ్‌కీ మధ్య సందు పక్కకి 0.08 చాలు. కావాలంటే డ్రాయింగ్ పంపు, మా షాపులో వైర్ కట్‌కి (కరెంటు తీగతో కోసే మెషిన్) ఇచ్చి తెప్పిస్తా.

కణితిరోడ్_షెడ్డు:

పంపుతున్నా అన్నా, ఈ రాత్రికే. 29 కవర్లు కడిగి ప్రైమర్ కొట్టి ఆరబెట్టాం, గాళ్ళు అయ్యాక ముందు ఐస్ ఫ్యాక్టరీ మోటార్లకి వేసి చూస్తానన్నారు షాపాయన. ప్రెస్ మీద చాక్‌పీస్‌తో కాదు పెద్దాయన గారూ, పెయింట్‌తోనే రాయించా, డ్రా 100, గాళ్ళు 140, దిమ్మ పెట్టాకే చెయ్యి అని.